మా ఇంటి గుండెల తూకం

జనగామ,
జనవరి చివర.

తమ్ముడు మజీద్‌కు,

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. కవరు తెచ్చి అలమరలో పెడితే మీ వదిన రాజీ దాని మీద కందిపప్పు డబ్బా పెట్టింది. సరే, అదే నా జవాబు అనుకుని ఊరుకున్నాను. కానీ ఇది కడుపులో దాచుకునే సంగతి కాదు. ఫోన్ చేద్దామంటే నీ చెవి మిషన్ కూతపెడుతుంది, నేను అరవాలి, నేను అరిస్తే మా వీధంతా వింటుంది.

మజీద్, నా గుండెను తూకం వేశారు. నవ్వకు.

మొన్న చిల్పూరు గుట్ట ఎక్కుతుంటే సగంలో దమ్ము ఆగింది. ఇక్కడి డాక్టరు హైదరాబాదుకు పంపాడు. అక్కడ ఒక గొట్టంలో పడుకోబెట్టారు. కత్తి లేదు, కోత లేదు, అంతా అయస్కాంతం పనేనట. కానీ చప్పుడుంది చూడు, కాజీపేట యార్డులో పట్టాల మధ్య తల పెట్టి పడుకున్నట్టు! చెవుల్లో ఒక ఆడపిల్ల గొంతు, "గాలి తీస్కోండి, ఇడువుండి, ఆపుండి" అంటుంది. ఆపిన ప్రతిసారీ ఒక బొమ్మ. డెబ్బై ఏళ్ళుగా ఆపకుండా తీసుకుంటున్న ఊపిరిని ఎవరో చెబితే ఆపడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

బయటికొచ్చాక ఆ కంప్యూటరు అబ్బాయి పక్కన కూర్చుని చూపించమన్నాను. నా సంగతి నీకు తెలుసు కదా. గుండెను పైనుంచి కిందికి దోసకాయ చక్రాల్లాగా బొమ్మలు తీశారు. ఒక్కో చక్రానికి లోపలి అంచు వెంట ఒక గీత, బయటి అంచు వెంట ఒక గీత. లోపలి గీతలో ఉన్నది నెత్తురు పట్టే జాగా. రెండు గీతల మధ్యది కండ. చక్రాలన్నిటి లెక్కా కలిపితే గుండెలో ఎంత నెత్తురు పడుతుందో తేలుతుంది, కండ ఎన్ని గ్రాములో తేలుతుంది. నలభై ఏళ్ళు దర్జీగా నువ్వు నా ఛాతీ కొలిచావు, ఎప్పుడూ ముప్పై ఎనిమిదే అన్నావు. లోపలిది కొలిచే టేపు నీ దగ్గర లేకపోయింది.

స్టేషన్ రోడ్డులో కిరాయి పుస్తకాల దుకాణం నడిపినవాణ్ణి. బడి ఏడో తరగతితోనే అయిపోయినా దుకాణంలో ఉన్నదంతా చదివాను. గుండె పగిలిందని చదివాను, కరిగిందని చదివాను, బరువెక్కిందని కూడా చదివాను. ఎన్ని గ్రాములని మాత్రం ఒక్క రచయితా రాయలేదు. మామూలు మగవాడికి ఎడమ వైపు కండ నూట యాభైకి అటూ ఇటూ ఉంటుందట. నాది రెండు వందల డెబ్బై. నేను సంతోషపడ్డాను. ఏ అంగట్లోనైనా ఎక్కువ తూగితే మంచిదే కదా.

"పెద్దాయనా, ఖుషీ కాకుండ్రి," అన్నాడు డాక్టరు. "గోడ మందమైంది. లోపల జాగ ఇరుకైంది. గిసొంటి గుండె ఉరికేటప్పుడో, బరువెత్తేటప్పుడో తాళం తప్పి ఒక్కసారే ఆగిపోవచ్చు. మీ ఇంట్ల ఎవలన్న వయసుల ఉండంగనే పోయిన్రా?"

ఇద్దరున్నారు మజీద్. నాగలి పట్టుకుని నిలబడ్డచోటే కూలిపోయిన మా బాపు. మొహర్రం పీర్ల పండుగలో పీరీ ఎత్తుకుని నిప్పుల గుండం చుట్టూ ఉరుకుతూ పడిపోయిన మా తమ్ముడు చిరంజీవి. పద్దెనిమిదేళ్ళు వాడికి. కల్లు తాగి ఎత్తుకున్నాడని, పీరీకి కోపం వచ్చి తీసుకుందని ఊరంతా యాభై ఏళ్ళుగా చెప్పుకుంటున్నది వాడి గురించే. డాక్టరు ఆ రెండూ విని, "గిదే అయ్యుంటది," అన్నాడు, వానపడేలా ఉందన్నంత మామూలుగా.

ఇది ఇంటి జబ్బు. అన్నదమ్ములు, పిల్లలు, అందరూ చూపించుకోవాలన్నాడు. దారంతా బస్సులో ఆలోచించాను, అందరూ అంటే ఎవరు? బాపు లేడు. తమ్ముడు లేడు. కొడుకులు లేరు. బిడ్డ భాగ్యమ్మ ఉంది గానీ, దానికి పెళ్ళి చేసి పాతికేళ్ళు దాటింది, అల్లుడు వెంకట్రాం ఇంటిపేరులో కలిసిపోయింది. రేపు నేను పోతే దానికి మైల కూడా మూడు రోజులే. పైగా ఈ జబ్బు పట్టినవన్నీ మగ పుట్టుకలే. ఇక మిగిలింది నువ్వు. మీ అమ్మీ జ్వరంతో మంచం పట్టినప్పుడు నన్ను కన్న మా అవ్వ వెంకటనర్సమ్మ ఒక పక్క నన్నూ ఒక పక్క నిన్నూ వేసుకుని పాలిచ్చింది. మీవాళ్ళలో పాలన్నదమ్ములంటే సొంతవాళ్ళ లెక్కే, పెళ్ళి సంబంధాలు కూడా కలుపుకోరు. కనుక నువ్వు వెంటనే గుండె చూపించుకో. ఆలస్యం చేస్తే ఊరుకోను.

భాగ్యమ్మకు మాత్రం చెప్పకు. మనుమరాలు విజయ పోలీసు నౌకరీ పరుగుకు తయారవుతోంది. ఉత్తపుణ్యానికి పరేషాన్ అవుతారు.

నీ అన్న,
సదానందం

*

మహబూబాబాద్,
ఫిబ్రవరి.

సదన్నకు సలాం.

నీ ఉత్తరం చదివి కుట్టు మిషన్ ముందు కూర్చున్నవాణ్ణి అలాగే ఉండిపోయాను. మా ఇంటామె అమీనా చాయ్ పెట్టి పోయింది. దాని మీద మీగడ కట్టింది. "ఎవలు పోయిన్రు?" అని అడిగింది. ఏం చెప్పను? పోయింది యాభై ఏళ్ళ కింద, తెలిసింది ఇవాళ.

ఆ రోజు పీరీని చిరంజీవి భుజాన పెట్టింది మా అబ్బా. పీర్ల కొట్టానికి ముజావర్, పూజారి లెక్క, ఆయనే కదా. ఆ తర్వాత చనిపోయేదాకా ఆయన పీరీ ఎత్తలేదు. కడిగేవాడు, దట్టీ గుడ్డ కట్టేవాడు, ఎత్తడం మాత్రం వేరేవాళ్ళకు ఇచ్చేవాడు. "పీరీ అడిగింది, నేను ఇచ్చిన," అనేవాడు. చివరి మాట కూడా అదే. ఇప్పుడు నువ్వు గ్రాముల్లో చెబుతున్నావు. ఆయన సమాధి దగ్గరికి పోయి గ్రాములు చదవాలా అన్నా? నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఎవరో చెంప మీద కొట్టి పోయినట్టుంది.

నేను తప్పకుండా చూపించుకుంటాను. ఇక్కడ ఒక కొత్త గుండె డాక్టరమ్మ వచ్చింది, పేరు ఆలియా. పాలు తాగినప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?

మా మనుమరాలు హఫ్సాను, దాని పసిదాన్ని భూపాలపల్లిలో అత్తగారింట దింపి నిన్ననే వచ్చాను. అక్కడి మైదానంలో విజయను చూశాను. గాలిలా ఉరుకుతోంది. ఆ పిల్ల గురించి నీకు ఒక మాట రాద్దామనుకున్నాను గానీ నా చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. పెద్ద సంగతేమీ కాదులే. ఎండ.

మజీద్

*

జనగామ,
ఫిబ్రవరి చివర.

మజీద్‌కు,

ఒట్టు అని రాసి ఊరుకుంటే నాకు నిద్ర పడుతుందా? ఎవడు వాడు? ఏం చేస్తాడు? నువ్వు చెప్పకపోయినా నాకు అర్థమైంది. ఆ వయసు పిల్ల తాత దగ్గర దాచేది ఇంకేముంటుంది! మంచివాడైతే నాకేమీ అభ్యంతరం లేదని నీ ఒట్టు చెడకుండా దానికి చెప్పు.

నా దుకాణంలో ప్రేమ నవలలు అద్దెకు తీసుకునే అమ్మాయిలందరూ ఇంటికి పోయేటప్పుడు వాటిని వంటల పుస్తకంలో పెట్టుకుని పోయేవాళ్ళు. అప్పట్లో జనగామలో వంటల పుస్తకాలకున్న గిరాకీ చూసి, ఈ ఊరి కోడళ్ళు ఎంత బాగా వండుతారో అని నేను చాలాకాలం మోసపోయాను. ఎక్కడున్నాను? విజయ. మన ఇళ్ళలో మొదటి పోలీసు అదే అవుతుంది. ఎనిమిది వందల మీటర్లట. నేను ఇప్పుడు వంటింటినుంచి వాకిట్లోకి పోతే రాజీ, "పరుగు ఒడిసిందా, పతకం తేవాల్నా?" అంటోంది.

నువ్వు ఇంకా గుండె చూపించుకోలేదని అమీనా రాజీకి ఫోన్లో చెప్పింది. సిగ్గులేదా?

సదానందం

*

భూపాలపల్లి,
మార్చి.

సదన్నా,

ముందు ఒక్క మాట. విజయ బతికే ఉంది. ఇంట్లో ఉంది, పక్కనే కూర్చుంది. ఇది చదివి గుండె పట్టుకోకు, ఆ పనికి నీ గుండె పనికిరాదు. మిగతాది రాజీ వదినను పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

నిన్న పొద్దున ఆలియా డాక్టరమ్మ దగ్గరికి పోయాను. నా గుండె మీద చల్లటి జిగురు రాసి టీవీలో చూసింది. "మంచిగుంది తాతా. మీ అన్న జబ్బు మీకెట్ల వస్తదనుకున్నరు? ఆయన పేరు సదానందం, మీ పేరు మజీద్."

"ఒక్క తల్లి పాలు తాగినం అమ్మా."

డాక్టరు పిల్ల నవ్వబోయి ఆగింది. "పాలతోటి రాదు తాతా. నెత్తురుతోటి వస్తది. ఆయనకు పిల్లలున్నరా?"

"ఒక్క బిడ్డ. పెండ్లి చేసి పంపిండు. ఇంటిపేరు మారింది."

"ఇంటిపేరు మారితే గుండె మారుతదా తాతా?"

అన్నా, నేను ఎన్నో జాకెట్లు, షేర్వాణీలు కుట్టాను, ఎందరివో మాటలు విన్నాను. ఇలాంటి మాట మాత్రం ఎవరి నోటా వినలేదు. ఆడపిల్లకూ అంతే వస్తుందట, మగపిల్లవాడికీ అంతే వస్తుందట. నీ నుంచి భాగ్యమ్మకు, ఆమెనుంచి విజయకు. "ఆ బిడ్డకు పిల్లలున్నరా?" అంది. మనుమరాలుంది, పోలీసు పరుగుకు ఉరుకుతోంది అన్నాను. ఆమె లేచి నిలబడింది. "ఉరికేటప్పుడు ఎప్పుడన్న కండ్లు తిరిగి పడ్డదా?"

నేను చొక్కా గుండీలు పెట్టుకోసాగాను.

"తాతా?"

"ఒట్టు పెట్టించుకుంది అమ్మా."

"ఒట్టు మీద మన్నుబొయ్య! పడ్డదా, లేదా?"

పడింది అన్నా. నేను వెళ్ళిన రోజే, నా కళ్ళ ముందు, మూల తిరిగేచోట. ఒక క్షణం ఉరుకుతోంది, మరుక్షణం దుమ్ములో ఉంది. నీళ్ళు చల్లితే లేచింది. "ఎండ తాతా, పొద్దున తినలే. జనగామ తాతకు, అమ్మకు చెప్పకు. చెప్తే బందు చేస్తరు," అంది. అంతకు ముందూ ఒకసారి పడిందట. నువ్వు నీ జబ్బు వాళ్ళకు చెప్పొద్దన్నావు. ఆమె తన సంగతి నీకు చెప్పొద్దంది. రెండు మాటలూ నా ఒక్కడి జేబులో ఉన్నాయి, నేను రెంటినీ కలిపి చూడలేదు. కలిపి చూడాల్సింది డాక్టరమ్మ కాదు కదా అన్నా, నేను.

విజయకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మైదానంలో ఉంటే ఫోన్ సంచిలో ఉంటుంది. నీకు చేయలేదు, భయమేసింది. హఫ్సాకు చేశాను. "బేటీ, పో. ఏమన్న చేసి ఆపు," అన్నాను. హఫ్సా పసిదాన్ని ఎత్తుకుని, బురఖా సగం వేసుకుని ఆటోలో పోయింది. అప్పటికే ప్రాక్టీసు పరుగుకు పిల్లలందరినీ గీత దగ్గర నిలబెట్టి టైము చూడబోతున్నారట. "ఆగుండ్రి, ఆగుండ్రి" అని అరిస్తే పక్కకు పొమ్మన్నారు. హఫ్సా నేరుగా పోయి పసిదాన్ని విజయ చేతుల్లో పెట్టింది. "జర పట్టుకో," అని తను అక్కడే నేల మీద కూర్చుంది. చేతుల్లో మూడు నెలల పిల్ల ఉంటే ఎవరు ఉరుకుతారు? విజయ తిట్టింది, ఏడ్చింది, "అక్కా, తీస్కో, నా టైము పోతుంది" అని బతిమాలింది. హఫ్సా తీసుకోలేదు.

నేను నర్సంపేట మీదుగా బస్సులు మారి వచ్చేసరికి మైదానం ఖాళీ. విజయ గోడ నీడలో కూర్చుని ఉంది. పసిది నిద్రపోయింది దాని ఒళ్ళో. నన్ను చూసి, "ఒట్టు తప్పినవు కదా," అంది.

తప్పాను అన్నాను.

మజీద్

*

జనగామ,
మార్చి.

మజీద్,

నీ ఉత్తరం వచ్చింది.

రాజీకి చదివి వినిపించాను. అంతా విని ఒకటే అడిగింది. "బిడ్డను నేను గన్న. నా నెత్తురు, నీ నెత్తురు. ఇంటిపేరుదేమున్నది, అది పోస్టాయనకోసం. గింత తెల్వదా నీకు? గన్ని పుస్తకాలు చదివినవ్!" తర్వాత వంటింట్లోకి పోయింది. గిన్నెల చప్పుడు కాలేదు. చప్పుడైతే బాగుండేది.

డాక్టరు "పిల్లలు" అన్నాడు. నేను విన్నాను. విని, బస్సులో కూర్చుని, భాగ్యమ్మను తీసేసి నిన్ను రాసుకున్నాను. ఎవరూ నన్ను మోసం చేయలేదు. నాకు పొరపాటు చెప్పిన పుస్తకం ఏదీ లేదు.

విజయను ఉరకనీయకు.

సదానందం

*

భూపాలపల్లి,
ఏప్రిల్.

తాతా, దండం.

ఫోన్లో నువ్వు "బిడ్డా" అని ఆగిపోతున్నావు, అవతల నేను ఎంతసేపని హలో హలో అనాలి? అందుకే మజీద్ తాతను అడిగి కవరు తెచ్చుకున్నాను. నా జన్మలో ఇదే మొదటి ఉత్తరం. తప్పులుంటే దిద్దుకో.

నన్నూ ఆ గొట్టంలో పెట్టారు. నాకు భయం కాలేదు, కోపం వచ్చింది. ఆడవాళ్ళకు కండ వంద గ్రాములకు అటూ ఇటూ ఉండాలట. నాది నూట డెబ్బై ఐదు. మా అమ్మ ఎప్పుడూ అనేది, పుట్టింటి ఆస్తిలో మనకు ఏ వాటా లేదని. ఉంది చూడు.

నేను ఉరకొద్దట. నడవొచ్చట. చదువుకోవచ్చు, కుర్చీలో కూర్చుని చేసే నౌకరీ ఏదైనా చేయొచ్చు. పరుగు పోయిన సోమవారం జరిగింది. నా దోస్తులంతా పోయారు. నేను ఇంట్లో వడియాలు పెట్టాను. రెండుసార్లు పడ్డాను కాబట్టి, మన ఇంట్లో ఇద్దరు అలా పోయారు కాబట్టి, ఛాతీలో ఒక చిన్న పెట్టె పెట్టాలంటున్నారు. గుండె తాళం తప్పితే అది లోపలినుంచే కరెంటుతో కొట్టి లేపుతుందట. పెట్టించుకుంటాను. చచ్చేకంటే నయం. హఫ్సక్కతో నేను ఇంకా మాట్లాడటం లేదు, కానీ పిల్లను ఎత్తుకోవడానికి రోజూ పోతున్నాను.

ఇప్పుడు గొడవ వేరే. నాయిన డాక్టరును పట్టుకుని, "మా ఇంట్ల ఎవలకు గిది లేదు సార్, గీ పిల్లకెక్కడిది?" అని అడిగాడు. డాక్టరు అమ్మ వైపు చూశాడు. అంతే. ఆ రోజు నుంచి అమ్మ నోరు పడిపోయినట్టయింది. అమ్మ కూడా చూపించుకోవాలన్నారు. రానంటోంది. "నాకు ఎర్కనే వద్దు. నాకున్నదని తేలితే నీకు నేనే ఇచ్చినట్టయితది," అంటుంది. ఉన్నట్టుండి మెట్లమీద ఆగి నిలబడుతోంది, తాతా. నేను చూస్తున్నాను. ఇంతకు ముందు కూడా నిలబడేదేమో, నేను చూడలేదు.

నా మాట వినదు. నాయిన మాట అసలే వినదు. నువ్వు రావాలి. ఉత్తరం మాత్రం రాయకు, అమ్మ చదవదు.

విజయ

*

జనగామ,
మే.

మజీద్‌కు,

భూపాలపల్లి పోయి వచ్చాను. దారి సంగతులు రాయను, రాస్తే పరకాలలో బస్సాపి మామిడికాయలు కొన్న డ్రైవరు దగ్గరే ఉత్తరం అయిపోతుంది. కాయలు మాత్రం మంచివి.

నేనూ రాజీ పోయేసరికి భాగ్యమ్మ బట్టలు ఉతుకుతోంది. నన్ను చూసి లేవలేదు.

"బాపూ, నన్ను నీ లెక్కల పట్టలేదట గద."

"పట్టలే బిడ్డా."

"మజీద్ చిన్నాయినను పట్టినవట."

"పట్టిన."

"ఎందుకు?"

దుకాణంలోని పుస్తకాలన్నీ తలలో ఒకసారి తిరగేశాను తమ్మీ. ఒక్క వాక్యం దొరకలేదు. "నిన్ను ఇచ్చేసిన అనుకున్న," అన్నాను. అది చాలాసేపు చొక్కా కాలరు ఒక్కటే రుద్దింది. తర్వాత నేనే అన్నాను, "నాకు మా బాపు ఇచ్చిండు. నీకు నేనిచ్చిన. తెలిసి ఇయ్యలే ఎవలం. నువ్వు పోరికి ఇచ్చినవన్నది ఇడిసిపెట్టు. కానీ నీ గుండె నువ్వు చూసుకోవాలె."

"ఉందని తేలితే?"

"తేలితే ముగ్గురం ఒక్క తీరు గోలీలు మింగుదం. ఒక్క డబ్బా కొంటే సరిపాయె."

నవ్వలేదు. బట్టలు ఆరేసి అన్నం పెట్టింది. కూరలో ఉప్పు లేదు. నేను అడగలేదు.

హైదరాబాదు దవాఖానకు అందరం పోయాం. వెంకట్రాం కూడా వచ్చాడు. నాతో మాట్లాడలేదు గానీ నా సంచి మోశాడు. విజయ ఆ గొట్టం గురించి తల్లికి అన్నీ చెప్పింది, గాలి ఎప్పుడు తీసుకోవాలి, ఎప్పుడు ఆపాలి అని. అక్కడి నర్సమ్మ ఒంటి మీద బంగారం, వెండి, ఇనుము ఏదీ ఉండకూడదంది. గాజులు తీశారు, పుస్తెల తాడు తీశారు, ముక్కుపుల్ల తీశారు. కాలి మెట్టెల దగ్గర భాగ్యమ్మ ఆగింది. మొగుడు ఎదురుగా నిలబడి ఉండగా మెట్టెలు తీయకూడదని రాజీ అంది. భాగ్యమ్మ వెంకట్రాం వైపు చూసింది. "తియ్యి," అన్నాడు అతను.

అవి రాలేదు. వేళ్ళు ఉబ్బిపోయాయి, పెళ్ళి రోజు తొడిగినవి అవి. విజయ బాత్‌రూమ్‌లోకి పోయి సబ్బు తడిపి తెచ్చింది. నేను కింద కూర్చుని బిడ్డ కాలు నా మోకాలి మీద పెట్టుకున్నాను. కుడి కాలిది వచ్చింది. ఎడమ కాలిది తిప్పితే చర్మం కొద్దిగా లేచింది, అదీ వచ్చింది. తువ్వాలతో తుడిచి నా జేబులో వేసుకున్నాను. నర్సమ్మ పేరు పిలిచింది. భాగ్యమ్మ లోపలికి పోయింది.

సదానందం